సిక్ లీవులో ఉండగా పండగొస్తే జీతం వస్తుందా?

జంగారెడ్డిగూడెంలో బట్టల కొట్టులోనో, మిల్లులోనో నెల జీతానికి కుదిరిన కుర్రాడికి జ్వరం వస్తే లెక్క సూటిగా ఉంటుంది. రాని రోజుకి జీతం కోత. యజమాని మంచివాడైతే ఒకటి రెండు రోజులు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. సంక్రాంతికి కొట్టు కట్టేసిన రోజుల సంగతీ అంతే, ఇస్తే ఇచ్చినట్టు. ఈ లెక్కకు అలవాటుపడి విమానం ఎక్కినవాళ్లు మెల్‌బోర్న్‌లోనో, డబ్లిన్‌లోనో, కువైట్‌లోనో జబ్బు పడితే అక్కడా ఇదే పద్ధతి అనుకుంటారు. మంచాన పడి ఉండి పండగ జీతం కూడా అడిగితే బాగుండదని మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్ల న్యాయంగా రావలసిన డబ్బు పోతుంది.

ఉద్యోగి సిక్ లీవులో ఉన్నాడు. మధ్యలో ప్రభుత్వ సెలవు పడింది. ఆ రోజును జబ్బు ఖాతాలో రాయాలా, పండగ ఖాతాలో రాయాలా? చాలా దేశాల చట్టాలు ఉద్యోగి పక్షానే జవాబు చెబుతాయి. కాకపోతే ఏ దేశం షరతులు ఆ దేశానివి.

అందరికంటే స్పష్టంగా చెప్పింది ఆస్ట్రేలియా. అక్కడి 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం, జీతంతో కూడిన సిక్ లీవులో ఉన్నప్పుడు ప్రభుత్వ సెలవు వస్తే ఆ ఒక్క రోజూ ఉద్యోగి సిక్ లీవులో లేనట్టే లెక్క. పర్మినెంట్ ఫుల్‌టైమ్ ఉద్యోగికి ఏడాదికి 10 రోజుల సిక్ లీవు ఉంటుంది. జనవరి 26న ఆస్ట్రేలియా డే వస్తుంది కదా. అది తను మామూలుగా పనిచేసే రోజై, ఆ వారమంతా జ్వరంతో పడుకున్నా సిక్ లీవులోంచి నాలుగు రోజులే తగ్గాలి, ఐదు కాదు. ఐదో రోజుకు సెలవు జీతం వస్తుంది. న్యూజిలాండ్‌లోనూ 2003 నాటి సెలవుల చట్టం ఇదే మాట చెబుతుంది.

ఆస్ట్రేలియాలో మనవాళ్లు దెబ్బతినేది 'క్యాజువల్' అన్న చోట. చదువుకోడానికి వెళ్లిన పిల్లలు పెట్రోలు బంకుల్లో, రెస్టారెంట్లలో, గిడ్డంగుల్లో చేరేది ఎక్కువగా క్యాజువల్‌గానే. గంటకు సాధారణంగా పాతిక శాతం ఎక్కువ ఇచ్చి, దానికి బదులుగా జీతంతో కూడిన సిక్ లీవు, పండగ జీతం రెండూ లేకుండా చేస్తారు. చేతికొచ్చే గంట రేటు చూసి సంబరపడే ముందు ఈ మాట తెలిసుండాలి. చేరేటప్పుడే కాగితం మీద ఏమని రాశారో చూసుకోవాలి.

ఐర్లాండ్‌లో విషయం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఏడాదికి 10 ప్రభుత్వ సెలవులు. పదోది సెయింట్ బ్రిజిడ్ పేరున 2023లో వచ్చి చేరింది. ఫుల్‌టైమ్ ఉద్యోగి చేరిన మొదటి వారంలోనే పండగ వచ్చినా హక్కు ఉంటుంది. చట్టబద్ధమైన సిక్ పే మాత్రం 13 వారాల సర్వీసు దాటాకే మొదలవుతుంది. 2024 నుంచి ఏడాదికి 5 రోజులు, జీతంలో 70 శాతం, రోజుకు 110 యూరోలకు మించకుండా ఇస్తారు. మొదటి రోజు నుంచే డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

2026 ఆగస్టు మొదటి సోమవారం, అంటే 3వ తేదీ, అక్కడ సెలవు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసే ఒక ఉద్యోగికి జులై 31 శుక్రవారం జ్వరం పట్టుకుని ఆగస్టు 5 బుధవారం దాకా వదల్లేదనుకుందాం. యజమాని సోమవారాన్ని మామూలు పండగ రోజుగా లెక్కగట్టి పూర్తి జీతం ఇవ్వవచ్చు. అలా ఇస్తే ఆ రోజును సిక్ లీవు కింద లెక్కించరు. శుక్ర, మంగళ, బుధవారాలు మూడే తగ్గుతాయి, ఇంకా రెండు మిగులుతాయి. అలా ఇవ్వకపోతే పండగకు బదులు జీతంతో మరో రోజు సెలవో, ఒక రోజు అదనపు జీతమో ఇవ్వాలి. ఏదీ ఇవ్వకుండా 70 శాతంతో సరిపెట్టడం కుదరదు.

పార్ట్‌టైమ్ చేసే విద్యార్థికి ఇక్కడ ఒక మెలిక ఉంది. పండగకు ముందు ఐదు వారాల్లో ఆ యజమాని దగ్గర కనీసం 40 గంటలు పనిచేసి ఉండాలి. వారానికి 20 గంటలు చేసేవాడికి రెండు వారాల్లోనే ఆ గంటలు పూర్తవుతాయి. అదే పిల్లవాడు టైఫాయిడ్‌తో నాలుగు వారాలు పడకేసి లేచేసరికి పండగ వచ్చిందంటే, ఐదు వారాల లెక్కలో 20 గంటలే ఉంటాయి, హక్కు జారిపోతుంది. 40 గంటలు పూర్తయి, ఆ పండగ తను మామూలుగా పనికి వెళ్లని రోజున పడితే మాత్రం వారం జీతంలో ఐదో వంతు రావాలి. చాలామంది అడగనిది ఇదే. ఫుల్‌టైమ్ వాళ్లకైనా మామూలు జబ్బుతో వరసగా 26 వారాలకు మించి దూరంగా ఉంటే పండగ హక్కు ఆగిపోతుంది. పని చేస్తుండగా దెబ్బ తగిలితే ఆ గడువు 52 వారాలు. జబ్బు ఎక్కువకాలం సాగితే ప్రభుత్వం ఇచ్చే ఇల్‌నెస్ బెనిఫిట్ ఉందిలే అని కొత్తగా వెళ్లినవాళ్లు ధీమా పడకూడదు. దానికి కనీసం 104 వారాల పీఆర్‌ఎస్‌ఐ (సామాజిక బీమా) చందా కట్టి ఉండాలి.

బ్రిటన్ సంగతి వేరు. అక్కడ బ్యాంకు హాలిడే నాడు జీతంతో సెలవు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కాంట్రాక్టులో ఏముంటే అదే.

ఇక గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా జనం వెళ్తున్న గల్ఫ్. ఇక్కడ వీసా రకాన్ని బట్టి హక్కులు మారిపోతాయి. కువైట్‌లో మనవాళ్లు కంపెనీ వీసా, షూన్ వీసా అనేది ఆర్టికల్ 18, ఖాదిం వీసా అనేది ఆర్టికల్ 20. కంపెనీ వీసా వాళ్లకు 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. ఏడాదికి 13 రోజులు పూర్తి జీతంతో ప్రభుత్వ సెలవులు. జబ్బు చేస్తే ఏడాదిలో మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత పది రోజులు ముప్పావు, మరో పది సగం, ఇంకో పది పావు, ఆ తర్వాత 30 రోజులు జీతం లేని సెలవు. సర్టిఫికెట్ కంపెనీ నియమించిన డాక్టరు గానీ, ప్రభుత్వ వైద్యశాల డాక్టరు గానీ ఇవ్వాలి. రూముకు దగ్గర్లో ఉందని ఏదో ప్రైవేటు క్లినిక్ చీటీ పట్టుకెళ్తే చెల్లకపోవచ్చు. ఊరొచ్చే ఏడాది సెలవులో పండగ గానీ జబ్బు గానీ పడితే ఆ రోజులను సెలవులోంచి కోయకూడదు.

సౌదీలో ఈద్ విషయం నిబంధనల్లోనే తేల్చేశారు. అక్కడ ఏడాదిలో మొదటి 30 రోజుల జబ్బుకు పూర్తి జీతం, తర్వాత 60 రోజులకు ముప్పావు జీతం, ఆపై 30 రోజులకు ఏమీ ఉండదు. మధ్యలో ఈద్ సెలవులు వస్తే, జబ్బు జీతం ఏ మెట్టు మీద ఉన్నా ఈద్ రోజులకు పూర్తి జీతం ఇవ్వాలి. నెలకు 3,000 రియాళ్లు, అంటే రోజుకు 100 అనుకుంటే, ముప్పావు జీతం నడుస్తున్న రోజుల్లో నాలుగు రోజుల ఈద్ వచ్చినవాడికి ఆ నాలుగు రోజులకు 300 కాదు, 400 రావాలి. ఆ వంద రియాళ్లు చాలామంది దృష్టికే రావు.

మళ్లీ కువైట్ సంగతికొస్తే, ఖాదిం వీసా మీద వెళ్లే ఆడవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు ఆ 6వ నంబరు చట్టం వర్తించదు. వాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి నెల రోజుల జీతపు సెలవు, ఇంటి యజమాని ఖర్చుతో వైద్యం అందులో ఉన్నాయి. ఆ 13 పండగ సెలవులు లేవు. ఒకే ఊరి నుంచి వెళ్లిన అన్నకూ చెల్లికీ ఒకే పండగ నాడు జ్వరం వస్తే చట్టం ఇద్దరినీ వేర్వేరుగా చూస్తుంది. ఇది అన్యాయమే, మార్చాల్సిందే. అందాకా ఏజెంటు చూపించే వీసా 18దో 20దో ప్రయాణానికి ముందే, తెలిసినవాళ్లతో చదివించుకుని మరీ తేల్చుకోవాలి.

ఎక్కడైనా జబ్బు చేసిన రోజు డ్యూటీ మొదలయ్యే ముందే మేనేజరుకు కబురు చేయాలి. ఫోను చేసినా, ఆ వెంటనే తేదీ వేసి రెండు ముక్కలు మెసేజ్ పెడితే రేపు చూపించడానికి ఆధారం ఉంటుంది. నెలాఖరున పే స్లిప్పులో ఆ పండగ తేదీ ఎదుట సిక్ అని ఉందా, పబ్లిక్ హాలిడే అని ఉందా చూసుకోవాలి. తప్పు కనిపిస్తే ముందు జీతాల సెక్షన్‌ను మర్యాదగా రాతపూర్వకంగా అడగాలి. చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్ పొరపాటే అయి ఉంటుంది, మర్నెల సర్దేస్తారు.

సర్దకపోతే ఐర్లాండ్‌లో వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, గడువు ఆరు నెలలు. ఆస్ట్రేలియాలో ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. ఇంగ్లీషు ఇబ్బందైతే ముందు 131 450కి చేసి దుభాషిని కోరవచ్చు. బకాయి జీతం కోసం అక్కడ ఆరేళ్ల వెనకటి దాకా అడగవచ్చు కాబట్టి పాత పే స్లిప్పులు పారేయకూడదు. కువైట్‌లో ఇంటి పనివాళ్లు వెళ్లాల్సింది మ్యాన్‌పవర్ అథారిటీలో వాళ్ల కోసం ఉన్న విభాగానికి. అక్కడిదాకా ఒంటరిగా వెళ్లలేకపోతే భారత రాయబార కార్యాలయంలోని కార్మిక విభాగాన్ని కలవాలి. వెళ్లేటప్పుడు అకామా (నివాస అనుమతి), కాంట్రాక్టు కాపీలు దగ్గర ఉంచుకోవాలి. అసలు కాగితాలు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉండిపోయే సందర్భాలు ఎక్కువ గనుక, కాంట్రాక్టు ఫోటోలు ఊళ్లో బయల్దేరే ముందే, అకామా ఫోటో అది చేతికి రాగానే ఇంట్లోవాళ్ల ఫోన్లలోకి పంపి పెట్టుకోవాలి.