నత్తి – నలుగురిలో మాట

మనిషికి మాట అలంకారమే కాదు, జీవనసాధనం కూడా. పసిబిడ్డకు మాటలు త్వరగా, స్పష్టంగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించే ఆచారం తెలుగునాట ఉంది. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా పిలుస్తారు. అవధాన సభలో ధారాళంగా పద్యం చెప్పిన కవికి జేజేలు పలుకుతారు. వాగ్ధాటికి ఇంతటి గౌరవం ఉన్న సమాజంలో మాట తడబడే వ్యక్తి స్థితి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అతని పేరుకు ముందు ‘నత్తి’ అనే విశేషణం చేరి, క్రమంగా అదే అతని గుర్తుగా స్థిరపడుతుంది. సినిమాలలో నత్తి పాత్ర చాలాకాలం నవ్వు పుట్టించడానికే ఉపయోగపడింది.

నత్తి ముఖ్యంగా మూడు విధాలుగా వ్యక్తమవుతుంది. ‘పు... పు... పుస్తకం’ అని మొదటి అక్షరం మళ్ళీ మళ్ళీ రావడం ఒకటి. ‘స్‌స్‌స్‌సమయం’ అని ధ్వని సాగిపోవడం రెండవది. చెప్పవలసిన మాట మనస్సులో సిద్ధంగా ఉన్నా, గొంతు బిగుసుకొని శబ్దమే వెలువడకపోవడం మూడవది. ఇది సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ళ వయస్సులో ప్రారంభమవుతుంది. ప్రతి 100 మంది పిల్లలలో దాదాపు 5 మందికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది. వారిలో చాలామందికి అది తగ్గిపోతుంది. పెద్దవారిలో సుమారు నూటికి ఒకరికి అది నిలిచి ఉంటుంది. స్త్రీలలో కంటె పురుషులలో ఇది ఎక్కువ.

నాలుక మందంగా ఉండటంవల్ల నత్తి వస్తుందని, నత్తి ఉన్నవారిని అనుకరిస్తే అంటుకుంటుందని కొందరు నమ్ముతారు. ఈ నమ్మకాలకు ఆధారం లేదు. మాటకు అవసరమైన కదలికలను మెదడు సమన్వయపరిచే తీరులో ఉండే భేదం దీనికి మూలమని పరిశోధకులు గుర్తించారు. వంశపారంపర్యానికి కూడా ఇందులో పాత్ర ఉంది. తెలివితేటలకు, నత్తికి సంబంధం లేదు. భయం నత్తిని పెంచవచ్చు గాని పుట్టించదు. నత్తి ఉన్నవారు చాలామంది తడబడకుండా పాట పాడగలరు, పదిమందితో కలిసి ప్రార్థన చదవగలరు, ఒంటరిగా ఉన్నప్పుడు హాయిగా మాట్లాడుకోగలరు. ఇది తెలియనివారు ‘పాడేటప్పుడు లేని నత్తి మాట్లాడేటప్పుడు ఎందుకు?’ అని శంకిస్తారు.

నత్తి ఉన్న వ్యక్తి పడే శ్రమలో అధిక భాగం దానిని దాచుకోవడానికే ఖర్చవుతుంది. ‘నీళ్ళు’ అనే మాట రాదనిపిస్తే ‘దాహంగా ఉంది’ అంటాడు. బస్సులో దిగవలసిన ఊరి పేరు పలకలేక మరొక ఊరికి టిక్కెట్టు తీసుకుంటాడు. తరగతిలో జవాబు తెలిసినా తెలియనట్లు తల దించుకుంటాడు. ఒక మాటకు బదులు మరొక మాట వెదకవచ్చు. కాని హాజరు పిలిచినప్పుడు, ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు సొంత పేరుకు బదులుగా చెప్పడానికి మరొక పేరు ఉండదు. అందువల్లనే చాలామందికి తమ పేరు చెప్పుకోవడమే కఠిన పరీక్ష అవుతుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జోసెఫ్ షీహన్ నత్తిని సముద్రంలో తేలే మంచుకొండతో పోల్చాడు. అతనికి కూడా నత్తి ఉండేది. ఇతరులకు వినిపించే తడబాటు నీటిపైన కనిపించే చిన్న భాగం మాత్రమే. సిగ్గు, భయం, అపరాధ భావం నీటి అడుగున దాగిన పెద్ద భాగం. దాచినకొద్దీ ఈ అడుగు భాగం పెరుగుతుంది.

వాక్చికిత్సా రంగంలో ప్రముఖుడైన చార్లెస్ వాన్ రైపర్ (1905–1994) జీవితం ఇందుకు నిదర్శనం. తీవ్రమైన నత్తితో బాధపడిన అతడు యౌవనంలో ఒక వ్యవసాయ క్షేత్రంలో చెవిటి మూగవానిగా నటిస్తూ కూలిపని చేశాడు. తరువాత నత్తి ఉన్న ఒక వృద్ధుడు అతనికి తారసపడ్డాడు. ఆ వృద్ధుడు మాటతో పెనుగులాడకుండా, అది వచ్చినట్లు రానిస్తూ ప్రశాంతంగా మాట్లాడటం వాన్ రైపర్ గమనించాడు. నత్తిని దాచడానికి చేసే పోరాటమే తనను ఎక్కువగా బాధిస్తున్నదని గ్రహించాడు. తడబడినా సులువుగా తడబడటం నేర్పే చికిత్సా విధానాన్ని రూపొందించి, జీవితమంతా ఆ రంగానికే అంకితమయ్యాడు.

దాపరికం రాజకుటుంబాన్ని కూడా విడిచిపెట్టలేదు. తరువాతి కాలంలో ఆరవ జార్జిగా బ్రిటిష్ సింహాసనం అధిష్ఠించిన యార్క్ ప్రభువు 1925లో వెంబ్లీ ప్రదర్శన ముగింపు సభలో మాట్లాడలేక తీవ్రమైన వేదన అనుభవించాడు. 1926లో లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుని వద్ద శిక్షణ ప్రారంభించాడు. 1939 సెప్టెంబరు 3న, బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన రోజున, రేడియోలో ప్రజలనుద్దేశించి ప్రసంగించాడు. ఈ కథను సినిమాగా మలచాలని రచయిత డేవిడ్ సైడ్లర్ సంకల్పించాడు. బాల్యంలో అతనికి కూడా నత్తి ఉండేది. అయితే తాను జీవించి ఉండగా ఆ సంగతులు బయటపెట్టవద్దని జార్జి భార్య కోరడంతో అతడు ఆగిపోయాడు. ఆ గాయం ఆమెకు అంతకాలం మానలేదన్నమాట. ఆమె 2002లో మరణించింది. ‘ది కింగ్స్ స్పీచ్’ చిత్రం 2010లో వెలువడింది.

దాపరికానికి విరుగుడు ముందుగా చెప్పడం. కొత్త తరగతిలో చేరిన ఒక విద్యార్థిని లేచి, “నాకు నత్తి ఉంది. ఒక్కొక్కసారి మాట ఆలస్యంగా వస్తుంది. నేను పూర్తి చేసేదాకా ఆగండి” అని చెప్పిందనుకుందాం. ఆ మూడు వాక్యాలు చెప్పేటప్పుడు కూడా ఆమె తడబడవచ్చు. అందులో తప్పులేదు. చెప్పినందువల్ల నత్తి పోదు. కాని ఆమె ఎందుకు ఆగిందో వినేవారికి తెలుస్తుంది. ఎక్కడ బయటపడుతుందోనన్న బెంగ ఆమెకు తగ్గుతుంది. అందరూ సానుభూతితో స్పందిస్తారన్న హామీ లేదు. అందుచేత ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఆమె నిర్ణయించుకోవలసిన విషయం. ముందు ఒక స్నేహితురాలికి, తరువాత ఒక అధ్యాపకునికి చెప్పడం మంచి ఆరంభం.

మాట్లాడేవారికి ధైర్యం అవసరమైతే, వినేవారికి ఓర్పు అవసరం. మాట అందించి వాక్యం పూర్తి చేయడం సహాయం అనిపిస్తుంది గాని, అది ఎదుటివారి మాటను లాగుకోవడమే. ‘కంగారుపడకు, నెమ్మదిగా మాట్లాడు’ అనే సలహా కూడా మేలు చేయదు. ముఖం తిప్పుకోకుండా, గడియారం చూడకుండా, చెప్పే తీరును గాక చెప్పే విషయాన్ని వినాలి. మౌఖిక పరీక్షలో కొంత అదనపు సమయం ఇవ్వడం అధ్యాపకులు చేయగలిగిన మేలు.

నత్తికి శాస్త్రీయమైన సహాయం అందుబాటులో ఉంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో చికిత్సను, శిక్షణను, పరిశోధనను నిర్వహిస్తున్నది. 1998 నుంచి అక్టోబరు 22ను అంతర్జాతీయ నత్తి అవగాహన దినంగా పాటిస్తున్నారు. చికిత్సవల్ల తడబాటు తగ్గవచ్చు, కొంత మిగిలిపోవచ్చు. కాని తరగతిలో జవాబు చెప్పడానికి, ఇష్టమైన వృత్తి ఎంచుకోవడానికి, తన పేరు తాను చెప్పుకోవడానికి నత్తి పూర్తిగా తగ్గేదాకా ఎవరూ ఎదురుచూడవలసిన పనిలేదు.