చలికాలంలో చెక్క ఓడ

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే పెద్ద నది ఉంది. వేసవిలో ఆ నది మీద తెరచాప ఎత్తుకుని తిరిగే ఒక చెక్క ఓడ కనిపిస్తుంది. దాని పేరు క్లియర్‌వాటర్, అంటే తేటనీరు. ఓడ ఎక్కిన బడిపిల్లలే తాళ్లు లాగి తెరచాపను పైకెత్తుతారు. నదిలోని చేపలను దగ్గరగా చూసి మళ్లీ నీటిలో వదిలేస్తారు. మరి నది గడ్డకట్టే చలికాలంలో ఆ ఓడ ఏమవుతుంది? ఇప్పుడు తెలుసుకుందాం.

ఒకప్పుడు ఊళ్ల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కలిసి హడ్సన్ బాగా పాడైపోయింది. జనం మళ్లీ నది దగ్గరకు వస్తే దాన్ని కాపాడుకుంటారని జానపద గాయకుడు పీట్ సీగర్ నమ్మాడు. ఆయన, ఆయన మిత్రులు విరాళాలు పోగుచేశారు. పూర్వం ఆ నదిలో సరుకులు మోసిన ఓడల నమూనాలో కొత్త ఓడ కట్టించారు. ముందుకు పొడుచుకువచ్చిన కొయ్యతో కలిపి దాని పొడవు 106 అడుగులు. అది 1969 మే నెలలో నీటిలోకి దిగింది.

చెక్క ఓడకు పెద్ద శత్రువు ఏది? తుపాను అనుకుంటాం. కానీ అతుకుల్లో నిలిచిపోయే వాననీరు అంతకన్నా మెల్లగా, ఎవరికీ కనబడకుండా హాని చేస్తుంది. తేమ, గాలి రెండూ దొరికిన చోట శిలీంధ్రాలు పెరిగి చెక్కను తినేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల కొయ్య మెత్తబడిపోతుంది. అందుకే పనివారు కొయ్యసుత్తితో తట్టి వింటారు. మనం కుండను కొనేముందు తట్టి చూసినట్టే! ఖంగున మోగితే గట్టి చెక్క, బొద్దుగా పలికితే లోపల పుచ్చు.

చలికాలంలో ఓడను కింగ్‌స్టన్ పట్టణం దగ్గర, హడ్సన్‌లో కలిసే రాండౌట్ ఏటిలో నిలుపుతారు. తెరచాపలు, తాళ్లు, కప్పీలు దించుతారు. పైన గుడారంలా కప్పు వేస్తారు. అప్పుడు ఓడ సిబ్బందితో పాటు స్వచ్ఛంద సేవకులు పనిలోకి దిగుతారు. పాత వార్నిష్‌ను గరుకు కాగితంతో రుద్ది తీయాలి. కొత్త పూత వేసి, ఆరనిచ్చి, మళ్లీ రుద్ది, మళ్లీ పూత వేయాలి. చలిలో పూత త్వరగా ఆరదు కాబట్టి ఓపిక పట్టాలి.

నేర్పుగల వడ్రంగులు చేసే పని ఇంకొకటి ఉంది. ఓడ పలకల మధ్య సందుల్లో నూలు పేటలను, తారు పట్టించిన నారను ఉలిలాంటి పనిముట్టుతో కూరి, పైన లప్పం పెడతారు. ఓడ నీటిలో ఉన్నప్పుడు చెక్క ఉబ్బి సందులు మరింత బిగుసుకుంటాయి. వానాకాలంలో మన ఇంటి తలుపు బిగుసుకుపోవడానికి కారణం కూడా ఇదే.

2015-16 చలికాలంలో ఇంకా పెద్ద మరమ్మతు జరిగింది. ఓడను నీటిలోంచి పైకి తీసి, నీటిమట్టానికి దిగువన పాడైన పలకలను, వాటిని పట్టి ఉంచే పక్కటెముకల వంటి కొయ్యలను మార్చారు. ఇలా ముక్క తరువాత ముక్క మారుతూ వచ్చినా అది అదే క్లియర్‌వాటర్. 2014లో సీగర్ కన్నుమూశాడు. ఓడ పని మాత్రం ఆగలేదు.

అమ్మకో నాన్నకో బదిలీ కాగానే మనం బడి మారతాం. "ఎలాగూ వెళ్లిపోతాం, ఈ బడి గురించి మనకెందుకు?" అని ఒక్కోసారి అనిపిస్తుంది. క్లియర్‌వాటర్‌కు గరుకు కాగితం పట్టిన చేతులు కూడా ఏటేటా మారుతూనే ఉంటాయి. వచ్చే వేసవిలో ఆ ఓడ ఎక్కి తాడు లాగే పిల్లలు ఎవరో ఆ చేతులకు తెలియదు. అయినా పూత సరిగ్గానే వేస్తాయి.

మన చేతిలోని గ్రంథాలయ పుస్తకానికి అట్ట ఊడిందా? బదిలీ ఉత్తర్వు వచ్చేలోపు అతికిద్దాం. రేపు దాన్ని తెరిచేది ఎవరైతేనేం!