నొప్పులకు భయపడి ఆపరేషన్ అడగాలా?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. తొలి చూలు, ఎనిమిదో నెల. గద్వాలలో కాన్పయిన మా అక్క "ప్రాణం పోయి వచ్చింది" అంటోంది. నేను ఆపరేషనే అడగనా డాక్టరు గారూ?

జవాబు: భయం సహజమేనమ్మా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. అవసరమైతే అది ప్రాణం నిలుపుతుంది. భయానికి మాత్రం మందు కాదు. కోత నొప్పి తర్వాత వేధిస్తుంది.

పురిటినొప్పి అలలా వచ్చి, నిమిషం అటూఇటుగా ఉండి తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. అందాకా మెల్లగా నడవండి. నొప్పి వచ్చినప్పుడు అమ్మతో నడుము కింద అరచేత్తో గట్టిగా ఒత్తించుకోండి. నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్‌కు మత్తు డాక్టరు కావాలి, ఆస్పత్రిలో ముందే అడగండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.