‘ఇడువు’కీ ‘ఇడువకు’కీ మధ్య దూరం: చెట్లు కొట్టేవాళ్ళ తెలుగు

వానాకాలం ముందు సికింద్రాబాద్‌లో ఏ కాలనీకి వెళ్ళినా ఒక పని కనిపిస్తుంది. కరెంటు తీగల మీదికి వంగిన నిద్రగన్నేరు, వేప, తురాయి కొమ్మల్ని కొట్టి దించుతుంటారు. వెస్ట్ మారేడ్‌పల్లిలో మేముండే వీధిలో ఈ పని నాలుగు రోజులు జరిగింది. క్లాసులు అయిపోగానే వెళ్ళి, ఆ ముఠా మాట్లాడుకునే మాటలు నోట్సులో రాసుకున్నాను. మన క్లబ్‌లో మాండలికాల గురించి చాలానే మాట్లాడుకున్నాం కాబట్టి, ఈసారి పనిలో ఉన్న భాష ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు సామాన్ల పేర్లు. గొడ్డలి, దాని కర్ర కామ. అందని చిన్న మండల్ని కిందినుంచే లాగడానికి దోటి. చేతిరంపం మనకు తెలిసిందే. పెట్రోలుతో నడిచే చైన్ సాని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అది ‘మిషన్’. గొడ్డలికి సాన పడతారు, రంపానికి ఆకురాయి పెడతారు. “పండ్లు అరిగినయ్” అన్నారంటే రంపం పళ్ళ సంగతి. అది ఎలా తెలుస్తుందన్నా అని మేస్త్రీని అడిగితే, “పొట్టు చూడు తమ్మీ” అన్నాడు. పదునున్న చైన్ చెక్కని ముక్కలుగా విసురుతుంది, మొద్దుబారినది పిండిలా రాలుస్తుంది. సెన్సర్ అక్కర్లేని డయాగ్నస్టిక్స్ ఇది.

తాళ్ళకి మన భాషలో పేర్లు చాలా ఉన్నాయి. మంచానికి నులక, ఎద్దుకు పగ్గం, బావికి చాంతాడు. వీళ్ళ దగ్గరున్న లావుపాటి తాడు మోకు. తెలంగాణలో గీత కార్మికులు తాటిచెట్టు ఎక్కేది కూడా మోకుతోనే. వాళ్ళకి 2024 నుంచి ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇస్తోంది. మా వీధిలో పైకెక్కిన మనిషికి మాత్రం నడుముకు మోకు, కింద తోటివాళ్ళ గొంతు, అంతే. అందుకే ఆ గొంతులో వచ్చే ప్రతి మాటకీ బరువుంది.

పెద్ద కొమ్మని ఒక్కసారిగా పడెయ్యరు. దానికి మోకు కట్టి, రెండో కొసని పైన గట్టి పంగలోంచి కిందికి తెచ్చి, మాను చుట్టూ రెండు చుట్లు వేసి ఒక మనిషి పట్టుకుంటాడు. మెకానిక్స్‌లో బెల్ట్ ఫ్రిక్షన్ చాప్టర్ గుర్తుందా? తాడుకీ మానుకీ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, రెండు చుట్లకి బలం దాదాపు 43 రెట్లు తగ్గుతుంది. వంద కిలోల కొమ్మని సుమారు రెండున్నర కిలోల పట్టుతో ఆపొచ్చు. అదే ఒక్క చుట్టయితే పదిహేను కిలోల పైనే కావాలి. “ఇంకో చుట్టు ఎయ్” అన్న కేక వెనక ఇంత లెక్క ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మిషన్ మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. ఆ మోతలో పైనున్న మనిషి, తాడు పట్టుకున్నవాడికి చెప్పాల్సినవి ముఖ్యంగా రెండే: తాడు వదులు, తాడు వదలకు. ఇక్కడి మాటల్లో ‘ఇడువు’, ‘ఇడువకు’. తెలుగులో ‘వద్దు’ అనే అర్థం క్రియ చివర చేరుతుంది. ఇంగ్లీషులో ‘డోంట్’ ముందే వినబడుతుంది, మనకు ఆఖరి అక్షరందాకా ఆగాలి. మోతలో ఆ ‘కు’ పోయిందంటే, ఆపమన్న మాట వదలమన్న మాటవుతుంది.

నాలుగు రోజుల్లో వాళ్ళ నోట ‘ఇడువకు’ నేను ఒక్కసారి కూడా వినలేదు. వదలమంటే ‘ఇడువు’, వదలొద్దంటే ‘పట్టు’. లాగమంటే ‘గుంజు’, లాగొద్దంటే ‘ఆగు’. కింద ఎవరైనా నడిచొస్తే ‘పైలం!’, అంటే జాగ్రత్త. అన్నీ పొట్టి మాటలు, ఒకదానితో ఒకటి కలవని మాటలు.

ఈసీఈ వాళ్ళు ఇది గుర్తుపట్టే ఉంటారు. రిచర్డ్ హామింగ్ 1950లో బెల్ ల్యాబ్స్ నుంచి రాసిన పేపర్‌లో ఉన్న సూత్రం ఇదే. 000, 001 అనే రెండు కోడ్‌ల మధ్య తేడా ఒక్క బిట్. అది చెడితే తప్పు జరిగిందని కూడా తెలియదు. 000, 111 అయితే ఒక బిట్ చెడినా సరిదిద్దుకోవచ్చు. ఆ లెక్క ఒకే పొడవున్న కోడ్‌లకి సంబంధించింది కాబట్టి దీన్ని పోలికగానే తీసుకోండి. అయినా ‘ఇడువు–పట్టు’ జంట, ‘ఇడువు–ఇడువకు’ జంటకంటే ఎందుకు మంచిదో దీంతో తెలుస్తుంది.

మాటల మధ్య దూరం యాసతో కూడా తగ్గిపోతుంది. “కిందికెళ్ళి కొయ్యి” అని మేస్త్రీ కేకేస్తే, మా తెనాలి రూమ్మేట్‌కి ‘కిందికి దిగి కొయ్యి’ అని వినబడింది. ఇక్కడ ‘కెళ్ళి’ అంటే ‘నుంచి’. కొమ్మని కింది వైపు నుంచి కొయ్యమన్నాడు. కొమ్మ అంటే ఒక క్యాంటిలివర్ బీమ్. పై భాగం సాగుతుంటుంది, కింది భాగం నొక్కుకుపోతుంటుంది. పైనుంచి ఒక్కటే కోత పెడితే కొమ్మ సగంలో విరిగి, బెరడుని మాను పొడుగునా చీల్చుకుంటూ పడుతుంది. అందుకని ముందు కింద మూడో వంతు లోపు గాటు, తర్వాత కాస్త ఎడంగా పైనుంచి కోత, చివరికి మిగిలిన మోడుని మొదలు దగ్గర తీసేయడం. కింది గాటు మరీ లోతైతే రంపాన్ని కొమ్మ నొక్కేస్తుంది.

చివరికి బండి. కొమ్మలు ఎత్తుకెళ్ళడానికి వచ్చిన లారీ ఐషర్ కంపెనీది, అందరూ పిలిచింది మాత్రం ‘డీసీఎం’ అని. 1980లలో వచ్చిన డీసీఎం టొయోటా బండ్ల పేరు ఆ సైజు లారీలన్నిటికీ అంటుకుపోయింది. టాటా ఏస్‌కి ‘చోటా హాతీ’ అనే పేరు ఎటూ ఉంది. బండి రివర్స్ చేసేటప్పుడు ‘రైట్’ అంటే చిక్కు. బస్ కండక్టర్ల అలవాటులో అది ‘పోనియ్’, స్టీరింగ్ దగ్గర అది ‘కుడికి’. వీళ్ళు “రానీ రానీ” అంటూ చేత్తో పక్క చూపించి, చాలనుకున్నప్పుడు “బస్” అని బండి మీద చరిచారు. మాట చాలనిచోట చేతిని కలిపారన్నమాట.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటి వచ్చింది. పనిముట్ల పేర్లు ఎలా సేకరించాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. మనం దానికి ఇంకొకటి కలపొచ్చు: పని మధ్యలో వేసే కేకలు. సెంట్రింగ్ పని, లోడింగ్, బోరు వేయడం, ఏదైనా సరే మీ వీధిలో విని మూడు విషయాలు రాసి క్లబ్‌కి పంపండి. ఏ కేక వేశారు, విన్నవాళ్ళు ఏం చేశారు, దానికి వ్యతిరేకమైన పనికి ఏ మాట వాడారు. వచ్చినవన్నీ కలిపి వచ్చే సంచికలో పట్టికగా వేద్దాం.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. కొమ్మ పడే చోటుకి దూరంగా నిలబడి వినండి. ‘పైలం’ అని వినబడితే ముందు వెనక్కి జరగండి, తర్వాత రాసుకోవచ్చు.