భయం పోవాలంటే ముందు బ్యాకప్

“డీవీడీ డ్రైవే లేదు, ఇక ఓఎస్ ఎలా వేస్తాం?” అంటూ పాత లాప్‌టాప్‌ను అటక మీదికి ఎక్కించేసిన ఇళ్లు ఎన్నో. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలంటుంది. పాత యంత్రాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే తుక్కు కింద ఇచ్చేయకండి. దాని మీద లినక్స్ లాంటి మరో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయడం మీరే నేర్చుకోండి. ఇందుకు కంప్యూటర్ డిగ్రీ అక్కర్లేదు, కాస్త ధైర్యం చాలు. ఆ ధైర్యం కొందరికి పుట్టుకతో వస్తుందని నేననుకోను. ముందు చేసుకున్న ఏర్పాట్లే మనిషికి ధైర్యాన్నిస్తాయి.

మొదట ఆ లేని డ్రైవ్ గురించిన బెంగ వదిలేయండి. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసినప్పుడు అందులో డిస్కు డ్రైవ్ లేదు. పక్కనున్న మరో కంప్యూటర్ డ్రైవ్‌ను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ఏర్పాటు ఉండేది. 2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10 అనే లినక్స్ ఓఎస్, ఒక సీడీలో పట్టే హద్దు దాటేసింది. ఇప్పటి ఉబుంటు ఇమేజ్ 5 జీబీకి పైనే ఉంటుంది, 4.7 జీబీల మామూలు డీవీడీలో పట్టదు. అంటే మీరు లేదని బాధపడుతున్న వస్తువు ఉన్నా ఈ పనికి పెద్దగా అక్కరకు రాదు. ఏ పనిలోనైనా ‘అది లేదు’ అని ఆగిపోయే ముందు, అది నిజంగా కావాలా అని ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు ఏర్పాట్లు. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్లు అన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. ఎక్కించి వదిలేయకండి, మరో కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. మీ లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగులు మారిస్తే అది ఆ కీని అడగొచ్చు. ఈ రెండు పనులూ పూర్తయ్యాక కూర్చుని చూడండి, భయం చాలావరకు తగ్గి ఉంటుంది. పోగొట్టుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి.

తర్వాత పెన్‌డ్రైవ్. 8 జీబీలకు తక్కువ కాకుండా తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీది మంచిది. ఇక్కడే చాలామంది తడబడతారు. డౌన్‌లోడ్ చేసిన ఓఎస్ ఐఎస్ఓ ఫైలును పాట కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, “బూట్ కావట్లేదు” అంటారు. పవర్ బటన్ నొక్కగానే మొదట పని మొదలుపెట్టేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్. పాతవాటిలో దాన్ని బయోస్ అనేవారు, ఇప్పుడు యూఈఎఫ్‌ఐ. తనకు తెలిసిన చోట, తనకు తెలిసిన రూపంలో బూట్ ఫైలు ఉందేమోనని అది వెతుకుతుంది. ఐఎస్ఓ అంటే ఒక డిస్కు మొత్తానికి నకలు. దాన్ని ఒకే ఫైలుగా పడేస్తే లోపలున్నది ఆ ప్రోగ్రామ్ కంటికి ఆనదు. విప్పి, ఎక్కడివక్కడ సర్ది రాయాలి. రూఫస్, బలేనా ఎచర్ లాంటి ఉచిత ప్రోగ్రాములు చేసేది ఇదే. ఎందుకన్నది తెలుసుకుని చేసినవాడు చిక్కు వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలిసి చూస్తాడు. మెట్లు మాత్రమే బట్టీ పట్టినవాడు మళ్లీ మొదటి మెట్టుకే వస్తాడు.

ఐఎస్ఓ డౌన్‌లోడ్ అవగానే పెన్‌డ్రైవ్‌లోకి రాసేయాలని చెయ్యి ఉబలాటపడుతుంది. ఆగండి. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లో చొరబడి, డౌన్‌లోడ్ లింకును తాము మార్చిన ఐఎస్ఓ వైపు మళ్లించారు. అసలు ఫైళ్ల చెక్‌సమ్‌లను (ఫైలు మారితే మారిపోయే గుర్తు కోడ్‌లను) మింట్ బృందం ప్రకటించాక, సరిపోల్చి చూసుకున్నవాళ్లకు తమ దగ్గరున్నది అసలో నకిలీయో తేలిపోయింది. ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్‌లో 64 అక్షరాలుంటాయి. సరిచూసుకోవడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల ఓపికను అలవాటు చేసుకోండి.

ఇక పెన్‌డ్రైవ్ గుచ్చి, లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. లినక్స్ అయితే వెంటనే ఇన్‌స్టాల్ జోలికి పోకండి. డిస్కును తాకకుండా వాడి చూసే వీలుంటుంది. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా, అన్నీ చూడండి. నెమ్మదిగా నడిస్తే కంగారు పడకండి, అది పెన్‌డ్రైవ్ వేగం. నచ్చకపోతే తీసేసి రీస్టార్ట్ చేయండి, పాత విండోస్ పాతలాగే ఉంటుంది. జీవితంలో పెద్ద నిర్ణయాలకు ఇలా ముందుగా రుచి చూసే అవకాశం చాలా అరుదు. ఇక్కడ ఉంది, పూర్తిగా వాడుకోండి.

నిజంగా నిదానించాల్సిన చోటు ఒక్కటే, డిస్కును ఎంచుకునే తెర. అక్కడికి వచ్చేలోపే బ్యాకప్ హార్డ్‌డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టేయండి. తెర మీద ఉన్న ప్రతి మాటా చదవండి, అర్థం కాని మాట ఉంటే ముందుకు పోకండి. డిస్కును దాని పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టండి. 500 జీబీ డిస్కును విండోస్ 465 అని చూపిస్తుంది. లెక్కించే తీరులో తేడా అంతే, ఏమీ పోలేదు. ఎర్రర్ వస్తే వరసగా మీటలు నొక్కకుండా ఫోనుతో తెరను ఫొటో తీసి, ఆ మాటలనే ఉన్నవి ఉన్నట్టు వెతకండి. మీకు వచ్చిన ఎర్రర్ చాలావరకు ఇంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్లు వేసి, ఫైళ్లు వెనక్కి ఎక్కించుకోండి. పెన్‌డ్రైవ్‌ను చెరపకండి. ఇవాళో రేపో పక్కింటివాళ్లు “మాదీ కాస్త చూడండి” అంటూ లాప్‌టాప్ పట్టుకొస్తారు. చేసి ఇచ్చేయకండి. కీబోర్డు వాళ్ల ముందే ఉంచి, మీరు పక్కన కూర్చోండి. బ్యాకప్ తీశారా అన్నది మాత్రం మొదటే అడగండి.