గోదావరి కడపటి ఒడ్డున ఒక ఫ్రెంచి పురపాలక సంఘము: యానాము చరిత్ర, జనసంఖ్య

దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతముల వారికి సరిహద్దుల మార్పు క్రొత్త విషయము కాదు. 1953లో వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేరుపడినది. తూర్పు గోదావరి జిల్లాలోనుండిన భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మమున కలిసినది. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఊళ్లు ఉన్నచోటనే యున్నవి, కచేరీ మాత్రమే మారుచు వచ్చినది. భద్రాచలము మీదుగా పారు ఈ గోదావరియే సముద్రమును చేరబోవుచోట, ఇంతకంటె విచిత్రమైన సరిహద్దు నడుమ రెండు శతాబ్దములకు పైగా బ్రదికిన తెలుగు ఊరొకటి కలదు. అదియే యానాము. పంచాయతీ సభ్యులు ఆ ఊరి కథను తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము.

గౌతమీ శాఖ సముద్రమున కలియుటకు కొంచెము ఎగువను, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున యానాము ఉన్నది. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, అడవిపొలము మొదలైనవి దాని పల్లెలు. బట్టల వ్యాపారము కొరకు ఫ్రెంచి కంపెనీవారు 1723లో ఇక్కడ కొట్లు పెట్టిరి. లాభము లేదని కొలదికాలమునకే మూసివేసి, 1731లో మరల వచ్చిరి. బొబ్బిలి యుద్ధకథలో మనము వినెడి బుస్సీ కాలమున ఉత్తర సర్కారులన్నియు వారి చేతిలోనుండెను. 1759లో మచిలీపట్నపు కోట ఆంగ్లేయుల వశమగుటతో ఆ యధికారము పోయి, ఈ చిన్న ఊరు వారికి మిగిలినది. దీనినైనను ఆంగ్లేయులు పలుమార్లు ఆక్రమించిరి. తుదకు 1814 నాటి పారిస్ ఒడంబడిక ననుసరించి తిరిగి ఇచ్చివేసిరి. 1828 ప్రాంతమున ఈ రేవునుండియే తెలుగు కూలీలను ఓడలనెక్కించి రీయూనియను ద్వీపమునకు పంపిరి. ఆ దీవికి ఒప్పందముపై పోయిన తొలి భారతీయ కూలీలలో మన తెలుగువారున్నారు.

1880లో ఫ్రెంచి ప్రభుత్వము తన భారత స్థావరములలో పురపాలక సంఘముల నేర్పరచినది. యానామంతయు ఒకే సంఘము. దానికొక మేయరు, ఎన్నుకొనబడిన సభ్యులు. అయితే ఓటర్ల జాబితాలు చాలకాలము ఐరోపావారికి వేరుగను, భారతీయులకు వేరుగను ఉండెను. తలకొక ఓటు, ఓటుకొక విలువ యను నేటి పద్ధతి అప్పుడు లేదు.

ఊరి వారందరును తెలుగువారే. ఇంటను, సంతలోను, రేవులోను వినబడునది తెలుగు. ఉత్తరువులు, తీర్పులు మాత్రము ఫ్రెంచిలో నడిచెడివి. దమ్మపేట పెద్దలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. నిజాము కాలమున ఇక్కడి భూమి లెక్కలు ఉర్దూలో నుండెడివి. తన పొలమునుగూర్చి వ్రాసినదేమో రైతుకు తెలియవలెనన్న చదువగలిగినవానిని వెదకికొనవలసివచ్చెడిది. కోయభాష తప్ప వేరొకటి రాని ముదుసలికి నేటి తెలుగు నోటీసు కూడ అట్టిదే యని మనము మరువరాదు.

పొరుగునున్న ఇంగ్లీషు రాజ్యములోని చట్టము యానాములో చెల్లదు. ఇందువలన ఒక వింత జరిగినది. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చినంతనే, చుట్టుప్రక్కల జిల్లాలవారు పిల్లలను బండ్లకెక్కించుకొని యానాము చేరి పెండ్లిండ్లు జరిపించిరి. చట్టము మంచిదే, దానిని తప్పించుకొనుటకు దారి మాత్రము అంత దగ్గరలో నున్నది!

ఫ్రెంచి పద్ధతులలో మనము మెచ్చుకొనదగినది ఒకటి కలదు. పుట్టుక, పెండ్లి, చావు ఈ మూడును పురపాలక కచేరీలో నమోదు కావలెనను నియమము 19వ శతాబ్దమునుండియే అచ్చట గట్టిగా నుండెను. ఆ దస్త్రముల విలువ తరువాతి కాలమున బయటపడినది.

అదెట్లన, 1954 జూను 13న దడాల రఫేలు రమణయ్యగారి నాయకత్వమున యానాము విముక్తి పొందినది. అదే సంవత్సరము అక్టోబరు 18న కీళూరులో పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతముల శాసనసభ్యులును పురపాలక సభ్యులును సమావేశమైరి. వచ్చిన 178 మందిలో 170 మంది భారతదేశమున కలియుటకే ఓటు వేసిరి. ఊరి సంఘమున కూర్చుండువారి ఓటు ఒక దేశపు సరిహద్దును నిర్ణయించినదన్నమాట. నవంబరు 1న పాలన చేతులు మారినది. 1956 మే 28న ఒడంబడిక వ్రాసికొనిరి, 1962 ఆగస్టు 16న అది చట్టప్రకారము అమలైనది. స్థావరములలో పుట్టి అక్కడనే నివసించుచున్న ఫ్రెంచి పౌరులు భారత పౌరులగుదురని అందున్నది. కావలెనన్నవారు ఆరు నెలలలోపల ఫ్రెంచి పౌరసత్వము కోరుకొనవచ్చును. తాను ఎక్కడ పుట్టినదీ చూపుటకు పాత దస్త్రము కంటె బలమైన సాక్ష్య మేమున్నది?

విలీనము నాటికి కొన్ని వేల జనము మాత్రమే గల ఈ ఊరు ఇటీవల మిక్కిలి పెరిగినది. 1991లో 20,297 మంది, 2001లో 31,394 మంది, 2011లో 55,626 మంది. చివరి పదేండ్లలోనే నూటికి 77 వంతులు! కాన్పులవలననే ఇంత పెరుగుదల రాదు. పుదుచ్చేరి పాలనలోని సదుపాయములకొరకు, పనికొరకు పొరుగు జిల్లాలవారు వచ్చి చేరుటయే ముఖ్యకారణమని చెప్పవలెను. జనము ఇట్లు పెరుగుచుండగా ఊరి సంఘము మాత్రము చాలకాలము నిద్రించినది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున 1968 తరువాత స్థానిక ఎన్నికలు మరల జరిగినది 2006లో. ముప్పదియెనిమిదేండ్లు స్థానిక ఎన్నిక యన్నది లేకయే గడచినవి.

ఇక మన సంగతి. జనన మరణములను 21 దినములలోపల తెలియజేయవలెనని 1969 చట్టము. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరుగా నమోదగుటకును, ఆధారు పొందుటకును పుట్టిన తేదీకి, చోటుకు జనన పత్రమే ఆధారము. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ పేరు అక్కడ వ్రాయబడును. అడవిలోపలి గూడెమున ఇంటికాన్పు జరిగినచో ఆ వార్త పంచాయతీ కార్యదర్శికి చేరవేయువారెవరు? వార్డు సభ్యుడే చేరవేయవలెను. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా జరుపుటకు ప్రకటన వెలువడినది. నిధుల పంపకమున, నియోజకవర్గముల విభజనమున ఆ లెక్కలే చూతురు. కనుక గణకుడు రాకముందే మీ పంచాయతీలోని గూడెముల పేర్లు, దారులు, ఇండ్ల సంఖ్య ఒక కాగితముపై వ్రాసి సిద్ధముగా నుంచుకొనుడు. వాగు అవతల క్రొత్తగా వెలసిన నాలుగిండ్లను కూడ అందులో చేర్చుడు.