తూము ఎత్తే ముందు

ఈ నెల వరి, కంది, పత్తి గురించి రాయాల్సింది. వాటికి చివర్లో తలా ఒక మాట చెబుతాను. తుపాను వానలు మొదలైనప్పటి నుంచి తొండుపల్లి, శంషాబాద్ చుట్టుపక్కల నుంచి వస్తున్న ఫోన్లలో ఎక్కువ రొయ్యల గురించే. ఇక్కడ రొయ్యలేమిటని ఆశ్చర్యపోకండి. విమానాశ్రయం వచ్చాక భూములు అమ్ముకున్నవాళ్లలో కొందరు భీమవరం, నరసాపురం, మొగల్తూరు వైపు చెరువులు కౌలుకు పట్టారు. గట్టు మీద ఉండేది జీతగాడు. కౌలుదారు ఉండేది బెంగళూరు హైవే పక్క అపార్ట్‌మెంట్‌లో. చెరువు నడిచేది వాట్సాప్‌లో.

మొన్న ఒకాయన వీడియో పంపాడు. చెక్‌ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వార ఎర్రబారిన రొయ్యలు తూలుతూ తిరుగుతున్నాయి. కుర్రాడు ఒకదాని తలపెంకు ఊడదీసి, లుంగీకి తుడిచి టార్చి వెలుగులో పట్టుకుంటే తెల్లచుక్కలు స్పష్టంగా కనపడ్డాయి. ఆయన అడిగినవి రెండే: డీలర్ చెప్పిన డబ్బా కొట్టమంటారా, రాత్రికి తూము ఎత్తేయమంటారా?

రెండూ వద్దు. తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు. 1994-95లో కోస్తా చెరువులను ఊడ్చేసినప్పుడూ లేదు, ఈ రోజుకీ లేదు. వానకు నీళ్లు చల్లబడి, ఉప్పు శాతం ఒక్కసారిగా పడిపోతే రొయ్య నీరసిస్తుంది, లోపల దాగిన వైరస్ విజృంభిస్తుంది. అప్పుడు గట్టు దగ్గరికి వచ్చేవాడు డాక్టరు కాదు, డీలరు. పొట్టకు ఒక పొడి, పెంకుకు ఒక లిక్విడ్, "ఇమ్యూనిటీ"కి ఇంకొకటి అంటగడతాడు. పైగా అరువు. అరువు మీద ఇచ్చే మందు ధర ఎంత పెంచి రాసుకుంటాడో పట్టుబడి రోజు లెక్క చూస్తే గానీ తెలియదు. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదని ఇంకా ఎన్నిసార్లు రాయాలి? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషిద్ధ మందుల అవశేషం ఒక్క సరుకులో దొరికినా దెబ్బ మొత్తం ఎగుమతుల పేరు మీద పడుతుంది.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది. జబ్బు నీళ్లు రాత్రికి రాత్రి డ్రెయిన్‌లోకి వదిలితే తెల్లారి అదే నీళ్లు పక్కవాడి మోటారు తోడుకుంటుంది. ఆ దిగువన ఇప్పుడే దాళ్వా నారుమళ్లు పోస్తున్నారు. నేలలో ఉప్పును కొలిచే ఈసీ మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, నారు దశ ఇంకా సున్నితం. లీటరుకు పది గ్రాముల ఉప్పున్న చెరువు నీరు దానికి ఐదింతల పైనే. నారు కొసలు మాడితే ఆ రైతు ఎవరి చెరువు వైపు చూస్తాడో వేరే చెప్పాలా?

"ఊళ్లో మాకు మంచి పేరు రావాలంటే ఏం చేయాలండీ, గుడికి ఏమైనా ఇద్దామా?" అని అడిగే కౌలుదార్లున్నారు. ఇవ్వండి, పుణ్యం. కానీ ఊరు మిమ్మల్ని కొలిచేది మీ తూము దగ్గర.

ఈ కొలత కొత్తది కాదు. ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. తాగునీరు చెడిందని, సాగుభూములు చౌడు బారాయని, బెస్తవాళ్లకు సముద్రానికి దారి మూసుకుపోయిందని తీర ప్రాంతాల జనం పెట్టిన మొరే దాని వెనక ఉంది. చెడగొట్టినవాడే పరిహారం కట్టాలంది కోర్టు. ఆ తరవాతే 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పోటు గరిష్ఠ రేఖ నుంచి రెండు కిలోమీటర్ల లోపు చెరువులకు ఆ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అయిదు హెక్టార్లు దాటితే వ్యర్థజలాల శుద్ధి చెరువు తప్పనిసరి. కౌలు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ రెండూ చూశారా? చూసినవాడు నాకింకా తగల్లేదు.

భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు జనం రోడ్డెక్కారు. వ్యర్థాలను పైపులైన్ వేసి నేరుగా సముద్రంలోకి పంపుతామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ గొడవ నడుస్తుండగానే 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలో రొయ్యల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఆ తరవాత తుందుర్రులో కంపెనీవాళ్ల మాట ఎవరు నమ్ముతారు? ఊళ్లో భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అదే మొగల్తూరులో అంతకు ముందే ఇంకో దారి కూడా వేశారు. 2002లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపీఈడీఏ), ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల కూటమి (నాకా) సాయంతో కొద్దిమంది చిన్న రైతులు పది చెరువులతో ఆక్వా క్లబ్బు పెట్టుకున్నారు. సీడ్ కలిసి పరీక్ష చేయించి కొనడం, ఒకేసారి వదలడం, జబ్బు వస్తే దాచకుండా పక్కవాడికి చెప్పడం, చెప్పకుండా నీళ్లు వదలకపోవడం. ఇంతే. మరుసటి ఏడాదికే దాన్ని చూసి చాలామంది చేరారు. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా సుస్థిర ఆక్వాకల్చర్ జాతీయ కేంద్రం (నాక్సా) ఏర్పడి రైతు సొసైటీలు కట్టించింది. మీ కౌలు చెరువున్న ఊళ్లో సొసైటీ ఉందా? ఉంటే చేరండి. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అడిగితే ఎవరూ కాదనరు.

ఇప్పుడు జబ్బు తేలిన చెరువు సంగతి. ముందు తూము బిగించి మట్టితో కూడా పూడ్చండి. ఇటూ అటూ ఉన్న చెరువులవాళ్లకు ఆ గంటలోనే ఫోన్ చేయించండి, వాళ్లు మోటార్లు ఆపుకుంటారు. తిట్టినా ఫర్వాలేదు. రొయ్యల సైజు (కౌంట్) అమ్ముకునేలా ఉంటే నీళ్లు కదపకుండా వలతో పట్టించండి. చచ్చినవి గట్టు మీద పారేస్తే కొంగలు, కాకులు ముక్కున కరచుకుపోయి పక్క చెరువులో వేస్తాయి, కాబట్టి సున్నం వేసి గుంటలో పూడ్చాలి. ఆపైన బ్లీచింగ్. ఎకరం చెరువు, నాలుగడుగుల నీరంటే దాదాపు 49 లక్షల లీటర్లు, ఒక పీపీఎంకు 5 కిలోలు పడుతుంది. నేను కనీసం 60 పీపీఎం చెబుతాను, అంటే 300 కిలోలు. మత్స్యశాఖ అధికారి ఎక్కువ చెబితే ఆయన మాటే వినండి. తేమ పట్టిన పాత సంచుల్లో క్లోరిన్ మిగలదు, అవి కొనొద్దు. వారం నీళ్లు కట్టేసి ఉంచి, కిట్‌తో క్లోరిన్ సున్నా అని తేలాకే వదలాలి. లేదంటే డ్రెయిన్‌లో చేపలు చస్తాయి, ఆ నింద కూడా మీదే. అప్పటికీ నీళ్లు ఉప్పగానే ఉంటాయి, బ్లీచింగ్‌తో ఉప్పు పోదు. దిగువ రైతు నారుమడికి తోడుకునే రోజులు తెలుసుకుని, అవి తప్పించి వదలండి.

ఖర్చెక్కువని అంటున్నారు. డీలరు డబ్బాలకు మీరు పెట్టేది లెక్క వేసి, అప్పుడు చెప్పండి.

వరి: కోసే ముందు వానకు పడిపోయిన చేలో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లండి. ఇంకే మందూ అక్కర్లేదు.

కంది: పూత మీద గూళ్లు కనపడితేనే మరుకాకు పిచికారీ, పక్కవాడు కొట్టాడని కాదు.

పత్తి: గులాబీ పురుగు ఉన్న చేను డిసెంబరు దాటి ఉంచొద్దు. మోళ్లు పీకేయండి.